కీళ్లవాతం ఉన్న మగవారు దాంపత్య, సంతాన విషయాలను డాక్టరుతో ఎలా మాట్లాడాలి?

కీళ్లవాతానికి మందులు వాడుతున్న మగవారు, కొన్నిసార్లు వారి భార్యలు, నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. దాంపత్య జీవితంలో ఇబ్బందిగా ఉంది, లేదా పిల్లల కోసం అనుకుంటున్నాం, ఈ సంగతి కీళ్ల డాక్టరుకు చెప్పవచ్చా, చెబితే ఏ మాటతో మొదలుపెట్టాలి అని. చెప్పవచ్చు. ఆలస్యం చేయకుండా చెప్పాలి కూడా. ఇబ్బంది ఉంటే రోగే అడుగుతాడని డాక్టరు అనుకుంటారు, అంత ముఖ్యమైనదైతే డాక్టరే అడిగేవారని రోగి అనుకుంటాడు, ఇద్దరి మధ్యా ఆ మాట ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

దీని ఫలితం చిన్నది కాదు. నెదర్లాండ్స్‌లో ఆరు వందల మందికి పైగా మగ రోగులను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ముప్పై ఏళ్ల లోపు వాపుతో కూడిన కీళ్లవాతం బయటపడినవారికి, నలభై దాటాక బయటపడినవారి కంటే పిల్లల సంఖ్య తక్కువగా ఉందని తేలింది. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముకను పట్టే కీళ్లవాతం), సోరియాటిక్ ఆర్థ్రయిటిస్ ఉన్నవారికి ఈ వ్యాసం ముఖ్యంగా పనికొస్తుంది. గౌట్ లేదా కీళ్ల అరుగుదల ఉన్నవారు మందుల భాగంలో తమకు వర్తించినంత తీసుకుంటే చాలు.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- మీరు వాడుతున్న మందులన్నిటి జాబితా. మోతాదు, ఎప్పటి నుంచి వాడుతున్నారు అన్నవి కూడా రాయండి. బీపీ, షుగరు, గుండె, నిద్ర, దిగులుకు వాడే మాత్రలు, సొంతంగా కొనుక్కున్నవి, మూలికా మందులు, వ్యాయామశాలలో ఎవరో ఇచ్చిన పొడులు, ఇంజెక్షన్లు కూడా అందులో ఉండాలి.
- గత ఆరు నెలల రక్త పరీక్షల కాగితాలు.
- ఒక చిన్న నోటు పుస్తకం.
- మీ భార్యతో ముందుగా జరిగిన ఒక మాట. ఆమె కూడా రావాలా వద్దా అన్నది ఇంట్లోనే తేల్చుకోండి. పిల్లల గురించి అడగడానికైతే ఇద్దరూ వెళ్లడం మంచిది. అంగస్తంభన గురించైతే మొదటిసారి ఒంటరిగా వెళ్లడం చాలామందికి సులువుగా ఉంటుంది.

1. మీ ప్రశ్న ఏదో తేల్చుకోండి

"ఆ విషయంలో బాగాలేదు" అని చెబితే డాక్టరుకు ఏమీ అర్థం కాదు. వాంఛ తగ్గిందా? వాంఛ ఉన్నా అంగం గట్టిపడడం లేదా, లేక గట్టిపడినా నిలవడం లేదా? స్ఖలనం త్వరగా అవుతోందా, ఆలస్యమవుతోందా? ఇవేవీ కాక, నడుము, తుంటి, మోకాలు, మణికట్టు నొప్పి వల్ల కలయికే కష్టమవుతోందా? లేదా దాంపత్యం సవ్యంగానే ఉండి, మీరు వేసుకుంటున్న మందు పుట్టబోయే బిడ్డకు హాని చేస్తుందేమోనన్న భయమా? వీటిలో ఒక్కొక్కదానికి కారణం వేరు, వైద్యం వేరు. మీది ఏదో ఒకే వాక్యంలో కాగితం మీద రాయండి. రెండు మూడు కలిసి ఉంటే, మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నదాన్ని ముందు రాయండి.

2. రెండు వారాలు రాసి చూడండి

రోజుకు రెండు వరుసలు చాలు. ఉదయం కీళ్ల బిగుసు ఎంతసేపు ఉంది, నొప్పి పదికి ఎంత, అలసట పదికి ఎంత, నిద్ర ఎలా పట్టింది, తెల్లవారుజామున సహజంగా అంగస్తంభన కలిగిందా లేదా. ఈ చివరిది చాలామంది సిగ్గుపడి వదిలేస్తారు, కాని డాక్టరుకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అదే. తెల్లవారుజామున మామూలుగా ఉండి కలయిక సమయంలో మాత్రమే తగ్గిపోతుంటే ఆందోళన, నొప్పి భయం వంటి కారణాల వైపు దృష్టి వెళుతుంది. రెండు సందర్భాల్లోనూ లేకపోతే రక్తనాళాలు, నరాలు, హార్మోన్లు, మందులు చూడాలి. ఇది పూర్తి నిర్ధారణ కాకపోయినా దారి చూపిస్తుంది.

ఇబ్బంది మొదలైన నెల, కొత్త మందు మొదలైన నెల పక్కపక్కన రాయండి. రెండూ ఒకే కాలంలో పడితే ఆ మందును గుర్తుపెట్టి డాక్టరుకు చూపించండి. హెచ్చరిక: అనుమానం వచ్చింది కదా అని దాన్ని మీరే ఆపకండి. కారణం ఆరో మెట్టులో చెప్తాను.

3. ఎవరి దగ్గర మొదలుపెట్టాలో నిర్ణయించుకోండి

మీ కీళ్లవాతపు మందులు రాస్తున్న రుమటాలజిస్టు దగ్గరే మొదలుపెట్టండి. మందులు మార్చగలిగేది ఆయన లేదా ఆమే కాబట్టి, మూత్ర, అంగ సమస్యలు చూసే యూరాలజిస్టు దగ్గరికి నేరుగా వెళ్లినా తిరిగి అక్కడికే రావలసి వస్తుంది. మీ డాక్టరు మహిళ అయినందువల్ల మాట పెగలడం లేదంటే, అది తప్పేమీ కాదు. అదే విభాగంలో ఉన్న మగ డాక్టరుతోనో, నర్సుతోనో మాట్లాడించమని అడగవచ్చు. అయితే ఒక మాట: ఈ విషయాలు వినడం వారికి రోజువారీ వృత్తిలో భాగం, మీరు ఊహించుకుంటున్న ఇబ్బందిలో చాలా భాగం మీ వైపు నుంచే ఉంటుంది.

సమయం కూడా ముఖ్యం. పరీక్ష అంతా అయ్యాక, తలుపు దగ్గర నిలబడి అడిగే ప్రశ్నకు తలుపు దగ్గర నిలబడి చెప్పే జవాబే వస్తుంది. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే "ఈసారి మరో వ్యక్తిగత విషయం కూడా మాట్లాడాలి, పది నిమిషాలు ఎక్కువ పడుతుంది" అని చెప్పండి. విషయం ఏమిటో రిసెప్షన్‌లో చెప్పనక్కర్లేదు.

4. మొదటి వాక్యాన్ని ఇంట్లోనే సిద్ధం చేసుకోండి

మాట తడబడేది మొదటి వాక్యం దగ్గరే. అది నోటికి వచ్చి ఉంటే మిగతాది డాక్టరు అడిగి తెలుసుకుంటారు. మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నదాన్ని కింద చూసి తీసుకోండి.

"డాక్టర్ గారూ, కీళ్ల సంగతి చూసే ముందు ఒక విషయం చెప్పాలి. ఆరు నెలలుగా నాకు అంగస్తంభన సరిగా ఉండడం లేదు. జబ్బు వల్లనా, మందుల వల్లనా అన్నది తెలుసుకోవాలని ఉంది."

"డాక్టర్ గారూ, వచ్చే ఏడాది మేము పిల్లల కోసం అనుకుంటున్నాం. ఇప్పుడు నేను వాడుతున్న ప్రతి మందు గురించి, కొనసాగించాలా, ఆపాలా, ఆపితే ఎంత ముందు ఆపాలి అన్నది చెప్పండి."

"డాక్టర్ గారూ, తుంటి నొప్పి వల్ల దాంపత్య జీవితం దాదాపు ఆగిపోయింది. దీనికి ఏదైనా చేయవచ్చా?"

నోటితో చెప్పలేకపోతే ఆ వాక్యాన్ని కాగితం మీద రాసి, రక్త పరీక్షల కాగితాలపైన పెట్టి ఇవ్వండి. ఇది లోపమేమీ కాదు, పని జరిగే మార్గాల్లో ఒకటి. పక్కన వేరే రోగులు, విద్యార్థులు, బంధువులు ఉంటే "ఒక్క ఐదు నిమిషాలు విడిగా మాట్లాడాలి" అని అడగండి. భార్య కాక అన్నదమ్ములో, తల్లిదండ్రులో తోడు వచ్చి ఉంటే వారిని బయట కూర్చోమనడం మీ హక్కు.

5. డాక్టరు అడిగే ప్రశ్నలకు నిజం చెప్పండి

పొగ, మద్యం, కొత్త భాగస్వామి, సొంతంగా వేసుకున్న మాత్రలు, ఈ నాలుగు విషయాల్లో అబద్ధం చెప్పి నష్టపోయేవారే ఎక్కువ. ముఖ్యంగా కొత్త భాగస్వామి సంగతి. క్లామిడియా అనే లైంగిక వ్యాధి సోకాక కొన్ని వారాలకు మోకాలో, మడమో వాచి, కళ్లు ఎర్రబడి, మూత్రం మంటగా వస్తే అది రియాక్టివ్ ఆర్థ్రయిటిస్ కావచ్చు. గనేరియా అనే మరో లైంగిక వ్యాధి నేరుగా కీలులోకి చేరి చీము పట్టించగలదు. ఇవి చెప్పకపోతే డాక్టరు దాన్ని పాత కీళ్లవాతం తిరగబెట్టిందని అనుకునే ప్రమాదం ఉంది. ఇలాంటి ఇన్ఫెక్షన్ తేలితే భాగస్వామికి కూడా పరీక్ష, వైద్యం జరగాలి. లేదంటే అది మళ్లీ మీకే వస్తుంది.

6. మందులను ఒక్కొక్కటిగా అడగండి

పిల్లల కోసం అనుకుంటున్నవారికి ఈ మెట్టే కీలకం. వీర్యకణం తయారై పక్వం కావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. కాబట్టి ఈ రోజు మందు మార్చినా వీర్యంలో ఆ మార్పు పూర్తిగా కనిపించేది మూడు నెలల తర్వాతే. ప్రయత్నం మొదలుపెట్టడానికి కనీసం నాలుగైదు నెలల ముందు ఈ మాట ఎత్తమని చెప్పేది అందుకే.

మందుల పెట్టెలోని కాగితంలో ఒకటి, డాక్టరు మాటలో మరొకటి వినిపించి కంగారు పడేది మెథోట్రెక్సేట్ దగ్గర. తయారీదారుల కాగితాలు మగవారు గర్భధారణకు మూడు నెలలు, కొన్ని దేశాల్లో ఆరు నెలలు ముందే దాన్ని ఆపాలంటాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం, తండ్రి కాబోయే మగవారు దాన్ని కొనసాగించవచ్చని, అంత గట్టిగా కాకపోయినా, చెప్పాయి. బ్రిటిష్ సొసైటీ ఫర్ రుమటాలజీ 2022 మార్గదర్శకాలు కూడా కీళ్లవాతానికి వాడే వారపు మోతాదులో తండ్రికి అది సమ్మతమేనన్నాయి. గర్భిణి వేసుకుంటే మెథోట్రెక్సేట్ బిడ్డకు నిజంగానే ప్రమాదకరం. ఆ భయమే మగవారి కాగితంలోకీ వచ్చింది. అందువల్ల మీ డాక్టరు "కొనసాగించండి" అన్నా "ఆపండి" అన్నా, కారణం అడిగి రాసుకోండి. ఏది ఎంచుకున్నా ఆ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకునేదన్న సంగతి మరవకండి, గర్భం దాల్చబోయే భార్య చేత దాన్ని విరిపించకండి.

సల్ఫాసలాజిన్ కథ వేరు. అది బిడ్డకు హాని చేయదు కాని, కొందరిలో వీర్యకణాల సంఖ్యను, కదలికను తగ్గిస్తుంది. ఆపాక సాధారణంగా రెండు మూడు నెలల్లో తిరిగి కోలుకుంటాయి. అందువల్ల దీన్ని వాడుతూ ప్రయత్నించవచ్చు. గర్భం ఆలస్యమవుతుంటే మాత్రం వీర్య పరీక్ష చేయించి, మార్చాలా అన్నది అడగాలి. భార్యకు ఎన్నో పరీక్షలు చేయించి, భర్త వేసుకుంటున్న ఈ మాత్ర గురించి ఎవరూ అడగకుండా రెండేళ్లు గడిచిపోయిన కుటుంబాలు నాకు తెలుసు. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం వారే.

సైక్లోఫాస్ఫమైడ్ విషయంలో రాజీ లేదు. రక్తనాళాల వాపు వంటి తీవ్రమైన జబ్బుకు ఇచ్చే ఈ మందు వృషణాలను శాశ్వతంగా దెబ్బతీయగలదు. మొదటి మోతాదుకు ముందే వీర్యాన్ని శీతలీకరించి భద్రపరిచే అవకాశం ఉందేమో అడగండి. మొదలయ్యాక అడిగితే ఆలస్యమైనట్టే. దాన్ని ఆపాక కూడా కనీసం పన్నెండు వారాలు గడిచే వరకు గర్భధారణకు ప్రయత్నించకూడదు. థాలిడోమైడ్ వాడేవారు కండోమ్ తప్పనిసరిగా వాడాలి. ఆ మందు వీర్యంలోకి చేరుతుంది. ఆపాక నాలుగు వారాలు ఆగాలి.

హైడ్రాక్సీక్లోరోక్విన్, అజాథయోప్రిన్, కొల్చిసిన్ మాత్రలు, అడాలిముమాబ్, ఎటనర్‌సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి ఇంజెక్షన్లు వాడేవారు వాటిని కొనసాగిస్తూనే తండ్రి కావచ్చని 2020 మార్గదర్శకాలు గట్టిగానే చెప్పాయి. లెఫ్లునమైడ్, మైకోఫినోలేట్‌ల విషయంలో కాగితానికి, మార్గదర్శకాలకు తేడా ఉంది కాబట్టి మెథోట్రెక్సేట్‌కు చెప్పినట్టే కారణంతో సహా అడగండి. టోఫాసిటినిబ్, బారిసిటినిబ్ వంటి కొత్త మాత్రలకు తండ్రుల విషయంలో అనుభవం ఇంకా తక్కువగా ఉంది. వాటిని వాడుతున్నవారు పిల్లల ఆలోచనను మందు మొదలుపెట్టే రోజే చెప్పడం మంచిది.

ఈ మెట్టులో జరిగే పెద్ద పొరపాటు మందులన్నీ ఒకేసారి సొంతంగా మానేయడం. జబ్బు తిరగబెట్టి, వాపు, జ్వరం, అలసట పెరిగితే వాంఛ తగ్గుతుంది, కలయిక కష్టమవుతుంది, చివరికి మునుపటికంటే బలమైన మందులు అవసరమవుతాయి. చాలాకాలంగా స్టెరాయిడ్ వాడుతున్నవారు దాన్ని హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. అదుపులో ఉన్న జబ్బే తండ్రి కావడానికి అనువైన స్థితి.

"నా జబ్బు బిడ్డకు వస్తుందా" అన్న ప్రశ్న కూడా ఇక్కడే అడిగేయండి. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవారిలో ఎక్కువగా కనిపించే హెచ్‌ఎల్‌ఎ–బీ27 అనే జన్యువు ప్రతి బిడ్డకు చేరే అవకాశం సుమారు సగం. కాని ఆ జన్యువు ఉన్నవారిలో అత్యధికులకు జీవితాంతం ఆ జబ్బు రాదు. అందువల్ల పుట్టిన బిడ్డకు ఏ లక్షణమూ లేకుండా ఆ పరీక్ష చేయించవలసిన పని లేదు.

7. అంగస్తంభన లోపమైతే ఇలా సాగండి

మొదట అడగవలసింది మాత్ర గురించి కాదు, గుండె గురించి. అంగానికి రక్తం తీసుకెళ్లే నాళాలు గుండె నాళాల కంటే సన్నవి కాబట్టి, పూడిక లక్షణం కొందరిలో గుండె కంటే కొన్నేళ్ల ముందే ఇక్కడ కనిపిస్తుంది. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ సొంతంగానే గుండెజబ్బు ముప్పును పెంచుతుంది. అందువల్ల బీపీ, షుగరు, కొలెస్టరాల్ పరీక్షలు కోరండి. మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టు ఉండడం ఉంటే తప్పక చెప్పండి.

ఆ తర్వాత టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను పరీక్ష. దీన్ని ఉదయం ఏడు నుంచి పదకొండు గంటల మధ్య, పరగడుపున చేయించాలి. ఒక్కసారి తక్కువ వచ్చిందని నిర్ధారించకూడదు, మరో రోజు మళ్లీ చేయించాలి. సాయంత్రం తీసిన రక్తంతో తక్కువ అని తేల్చి ఇంజెక్షన్లు మొదలుపెట్టడం తరచుగా జరిగే తప్పు. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు, దీర్ఘకాలం స్టెరాయిడ్ లేదా నల్లమందు జాతి నొప్పి మాత్రలు వాడినప్పుడు ఈ హార్మోను తగ్గవచ్చు. పిల్లలు కావాలనుకునేవారికి గట్టి హెచ్చరిక: బయటి నుంచి ఇచ్చే టెస్టోస్టిరాన్ వీర్యకణాల తయారీని అణచివేస్తుంది. మగతనానికి బలమని అది తీసుకుని, వీర్య పరీక్షలో ఒక్క కణమూ కనిపించక దిగ్భ్రాంతి చెందేవారున్నారు. మీకు పిల్లల ఆలోచన ఉందని చెప్పకుండా ఆ ఇంజెక్షన్ వేయించుకోకండి.

మందుల జాబితాలో దిగులుకు వాడే మాత్రలు, కొన్ని రకాల బీపీ మాత్రలు ఉంటే వాటిని డాక్టరుకు విడిగా చూపించండి. దిగులు మాత్రలు స్ఖలనాన్ని ఆలస్యం చేస్తాయి, వాంఛను తగ్గిస్తాయి. అయితే దిగులు కూడా అదే పని చేస్తుంది కాబట్టి ఏది కారణమో మీరు తేల్చలేరు.

సిల్డెనాఫిల్, తడలాఫిల్ మాత్రలు కీళ్లవాతం ఉన్నవారిలో చాలామందికి పనిచేస్తాయి. కాని ఛాతీనొప్పికి నైట్రేట్ మాత్రలు, నాలుక కింద పెట్టుకునే బిళ్లలు వాడేవారు వీటిని అసలు ముట్టకూడదు. రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. ప్రోస్టేట్ ఇబ్బందికి మందు వాడుతున్నా ముందే చెప్పాలి. కలయిక సమయంలో ఛాతీనొప్పి వచ్చి అత్యవసర విభాగానికి వెళ్తే, ఈ మాత్ర వేసుకున్నానని, ఎన్ని గంటలకు వేసుకున్నానని మొదటి మాటగా చెప్పండి. నాలుగు గంటలు దాటినా అంగస్తంభన తగ్గకపోతే అది కూడా అత్యవసరమే. తెల్లవారే వరకు ఆగకూడదు.

మాత్ర పనిచేయలేదని చెప్పేవారిలో చాలామంది దాన్ని సరిగా వాడి ఉండరు. సిల్డెనాఫిల్‌ను కలయికకు సుమారు గంట ముందు వేసుకోవాలి. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం చేసి వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. వాంఛ, స్పర్శ లేకుండా మాత్ర ఒక్కటే ఏమీ చేయదు. ఒకటి రెండుసార్లకే తీర్పు చెప్పకుండా, డాక్టరు చెప్పిన మోతాదులో కనీసం ఆరేడు సార్లు చూసిన తర్వాతే పనిచేయలేదనుకోవాలి. సొంతంగా మోతాదు పెంచడం, పేరు తెలియని "శక్తి" గుళికలు కలిపి వేసుకోవడం రెండూ ప్రమాదమే, ఎందుకంటే అలాంటి గుళికల్లో ఇదే మందు చెప్పకుండా కలిపిన సందర్భాలు ఎన్నో దొరికాయి.

8. నొప్పి, బిగుసు అడ్డమైతే

ఉదయం బిగుసు ఎక్కువగా ఉండేవారికి కలయికకు రాత్రి లేదా మధ్యాహ్నం విశ్రాంతి తర్వాతి వేళ నయం. అలసట సాయంత్రానికి పెరిగేవారికి అది తలకిందులవుతుంది. మీరు రెండు వారాలు రాసిన పుస్తకం ఇక్కడ పనికొస్తుంది. గోరువెచ్చని నీళ్ల స్నానం, డాక్టరు రాసిన నొప్పి మాత్రను అరగంట నుంచి గంట ముందు వేసుకోవడం చాలామందికి ఉపకరిస్తాయి. మణికట్టు, మోకాళ్ల మీద బరువు మోపలేనివారు పక్కకు తిరిగి పడుకుని, లేదా తాము వెల్లకిలా పడుకుని, మోకాళ్ల కింద, నడుము కింద దిండు పెట్టుకుని చూడవచ్చు. ఏ భంగిమ నొప్పి కలిగిస్తోందో భార్యకు ముందే చెప్పండి. భర్త దూరం జరగడాన్ని ఇష్టం తగ్గిందని ఆమె అనుకుంటుంది, నొప్పి అని మీరు చెప్పకపోతే ఆమెకు తెలిసే దారి లేదు.

తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారు ఎప్పటి నుంచి కలవవచ్చన్నది శస్త్రచికిత్సకు ముందే సర్జనును అడగాలి. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు. తుంటిని తొంభై డిగ్రీలకు మించి వంచడం, కాలును లోపలికి తిప్పడం, ఒక కాలిపై మరో కాలు దాటించడం వల్ల కొత్త కీలు తప్పిపోయే ప్రమాదం ఉంటుంది. మీకు ఏ వైపు నుంచి కోత పెట్టారన్నదాన్ని బట్టి ఈ జాగ్రత్తలు మారతాయి కాబట్టి, బొమ్మ గీసి చూపించమని అడగండి.

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవారికి ఒక ప్రత్యేక సూచన. తొడల మధ్య, కూర్చునే భాగంలో కొత్తగా స్పర్శ పోయి, మూత్రం ఆగిపోవడమో, తెలియకుండా పోవడమో జరిగితే, దాన్ని అంగస్తంభన సమస్యగా భావించి అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. వెన్ను అడుగున నరాల మీద ఒత్తిడి పడినప్పుడు గంటలే లెక్క.

9. వీర్య పరీక్ష చేయించేటప్పుడు

ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే, భార్యకు ముప్పై ఐదేళ్లు నిండి ఉంటే ఆరు నెలలకే, ఇద్దరికీ పరీక్షలు మొదలుపెట్టాలి. మీరు సల్ఫాసలాజిన్ వాడుతున్నా, గతంలో సైక్లోఫాస్ఫమైడ్ తీసుకున్నా అంతకంటే ముందే అడగవచ్చు.

పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు స్ఖలనం లేకుండా ఉండాలి. సాధారణ కండోమ్‌లో, సబ్బు లేదా కందెన తగిలించి సేకరిస్తే కణాలు చనిపోతాయి. ఇంట్లో సేకరిస్తే సీసాను ఒంటికి దగ్గరగా వెచ్చగా ఉంచి గంటలోపు ల్యాబుకు చేర్చాలి. కొంత భాగం ఒలికిపోతే దాచకుండా చెప్పండి, లేకపోతే లెక్క తప్పు వస్తుంది. ఇటీవలి మూడు నెలల్లో తీవ్ర జ్వరం వచ్చి ఉంటే అది కూడా చెప్పండి.

ఫలితాన్ని ఇలా చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం కనీస అంచు విలువలు: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం కదలిక 42 శాతం, ముందుకు సాగే కదలిక 30 శాతం, సరైన ఆకారం 4 శాతం. ఆకారం నాలుగు శాతమే అని చూసి భయపడేవారు ఎందరో ఉన్నారు, అది మామూలు అంచే. వీటికి తక్కువ వచ్చినంత మాత్రాన తండ్రి కాలేరని కాదు, ఎక్కువ వచ్చినంత మాత్రాన హామీ కూడా లేదు. తక్కువ వస్తే కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించాలి. మందు మార్చిన తర్వాతైతే మూడు నెలలు ఆగి చేయించాలి. నెల రోజులకే చేయించి "మార్చినా లాభం లేదు" అనుకోవడం తొందరపాటు.

10. గది దాటి బయటికి రాకముందు సరిచూసుకోండి

- ఏ మందు కొనసాగించాలి, ఏది ఆపాలి, ఏ తేదీ నుంచి అన్నది కాగితం మీద రాసి ఉందా?
- ఆపిన మందు స్థానంలో ఏముంది? జబ్బు తిరగబెడితే ఎవరికి ఫోన్ చేయాలి?
- పిల్లల ప్రయత్నం ఏ నెల నుంచి మొదలుపెట్టవచ్చు? అప్పటి వరకు గర్భనిరోధం ఏది?
- ఏ పరీక్షలు, ఏ వేళలో, పరగడుపున చేయించాలా?
- మళ్లీ ఈ విషయమే మాట్లాడే తేదీ ఏది?

వీటిలో ఒక్కదానికైనా జవాబు లేకపోతే సంభాషణ ఇంకా పూర్తి కాలేదు. "నేను అర్థం చేసుకున్నది ఒకసారి చెప్తాను, సరిగా ఉందో చూడండి" అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. చాలా పొరపాట్లు ఆ ఒక్క నిమిషంలో బయటపడతాయి.

డాక్టరు దాటవేస్తే

"ఈ వయసులో ఇవన్నీ మామూలే" అన్న జవాబు వస్తే అక్కడ ఆగిపోకండి. "మామూలే కావచ్చు, కాని నాకు ఇబ్బందిగా ఉంది. దీన్ని ఎవరు చూస్తారో వారికి చీటీ రాసి ఇవ్వండి" అని అడగండి. అంగస్తంభనకు యూరాలజిస్టు లేదా ఆండ్రాలజిస్టు, హార్మోన్లకు ఎండోక్రైనాలజిస్టు, సంతానానికి ఫెర్టిలిటీ నిపుణులు, నొప్పికి ఫిజియోథెరపిస్టు, దంపతుల మధ్య పెరిగిన దూరానికి కౌన్సెలరు ఉంటారు. వారు రాసిన ప్రతి కొత్త మందును మళ్లీ మీ రుమటాలజిస్టుకు చూపించండి.

ఇది చదివే డాక్టర్లకు నా విన్నపం ఒకటే. మందు మొదలుపెట్టే రోజున "పిల్లల ఆలోచన ఉందా?" అని, ఏటా ఒకసారి "ఈ జబ్బుతో చాలామందికి దాంపత్య జీవితంలో ఇబ్బంది కలుగుతుంది, మీకెలా ఉంది?" అని అడగండి. చాలామందికి కలుగుతుందన్న ఆ ముక్క వినగానే ఎదుటివారి సిగ్గు సగం తగ్గుతుంది. పెళ్లి కానివారిని, అరవై దాటినవారిని, మగ భాగస్వామి ఉన్నవారిని వదిలేయకండి.

మూడు నెలల తర్వాత చూసుకోవలసినవి

మొదటి రోజు రాసిన వాక్యాన్ని తీసి, దాని పక్కన ఈ రోజు పరిస్థితి రాయండి. అంగస్తంభనకు వైద్యం తీసుకుంటున్నవారు అంగస్తంభనను అంచనా వేసే ఐదు ప్రశ్నల ఐఐఇఎఫ్–5 పత్రాన్ని డాక్టరును అడిగి, వైద్యానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నింపండి. మొత్తం 25లో 21 లేదా అంతకు తక్కువ వస్తే లోపం ఉన్నట్టు లెక్క. రెండు అంకెలు పక్కపక్కన పెడితే మెరుగు కనిపిస్తుంది. మందు మార్చినవారు కీళ్ల వాపును, ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షలను కూడా చూసుకోవాలి, ఎందుకంటే వీర్యం మెరుగై జబ్బు అదుపు తప్పితే ఆ మార్పు నిలవదు. ఏమీ మారకపోతే ఆ నోటు పుస్తకాన్నే తీసుకుని, ముందే రాయించుకున్న తేదీకి వెళ్లి, పదో మెట్టులోని ప్రశ్నలను మళ్లీ మొదటి నుంచి అడగండి.